ఇంటి ముందరి గుట్ట, వంటింటి గట్టు

ఉమ్మడి కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో నేడు ఇల్లు కట్టుకొనువారు, గోడలు లేచి స్లాబు పడిన పిమ్మట, వంటింటి గట్టునకు ఏ రాయి పరువవలెనన్న ఆలోచనలో పడక మానరు. తాండూరు బండయా, కడప నల్లబండయా, బావుపేట మిల్లులలో కోసి మెరుగుపెట్టిన గ్రానైటా, లేక రాతిపొడిని జిగురుతో కలిపి కర్మాగారమున ఒత్తిన క్వార్ట్జు పలకయా యని ఇంటింట చర్చ జరుగును. ఈ చర్చకు దీర్ఘచరిత్ర లేదు. ఏలయన మొన్నమొన్నటి వరకు ఈ ప్రాంతపు వంటిండ్లలో గట్టనునదే లేదు. గుట్టల నడుమ పుట్టి పెరిగిన జనుల వాకిట యుగయుగములుగా నిలిచిన శిల, వారి వంటింటిలోనికి మాత్రము పరాయి రాళ్ళన్నియు వచ్చిన తరువాత వచ్చినది. ఆ ఆలస్యమునకు కారణములు కొన్ని శిలాస్వభావములో నున్నవి, కొన్ని వంట చేయు స్త్రీ కూర్చున్న తీరులో నున్నవి.

పూర్వము వంట నేలమీద జరిగెడిది. పుట్టమన్నులో ఊక కలిపి, తొక్కి, చేతితో దిద్దిన పొయ్యియు, దాని సెగను పంచుకొను కోడెపొయ్యియు, చుట్టును ఎర్రమన్నుతోనో పేడతోనో అలికిన నేలయు, పీటమీద కూర్చున్న ఇల్లాలి చేతికందునంత దూరములో గటకగంజు, నీళ్ళకుండ, ఉప్పుకారముల గురుగులు అమరియుండెడివి. మరక పడినను పగులు పట్టినను మరునాటి అలుకుతో ఆ నేల మరల క్రొత్తదగుచుండెను. ఆదిలాబాదు అడవులలోని గోండుల, కొలాముల ఇండ్లలోను మట్టిపొయ్యియే వంటకు ఆధారము. ఆ అడవుల టేకు దూలమై, ద్వారబంధమై ఇంటికి చేరినది గాని నిప్పు సమీపమునకు రాలేదు. ఈ ఏర్పాటు సౌందర్యమును మెచ్చుకొనువారు నేడు కలరు. నేనును మెచ్చుకొందును, కాని నడుము వంచి, పొగలో కన్నులు నులుముకొనుచు, దినమునకు ఎన్నిసార్లో లేచి కూర్చున్న ఆ స్త్రీల మోకాళ్ళను మరచి మెచ్చుకొనుట న్యాయము కాదు.

రాయి వంటింటికి అపరిచితమేమియు కాదు. రోలు, పొత్రము, ఇసుర్రాయి, నూరుడుబండ ఇవన్నియు రాతివే. వడ్డెరల ఉలిదెబ్బకు రూపుగొన్నవే. వాడుకలో నునుపెక్కిన ఇసుర్రాయికి కక్కు కొట్టువారు ఊరూర తిరిగి బ్రతికిరి. అయితే ఆ రాళ్ళన్నియు నూరుటకు, దంచుటకు, విసరుటకు పనికివచ్చు సాధనములేగాని, పలుచని పలకలు కావు. కరీంనగరపు శిల దాదాపు 250 కోట్ల ఏండ్ల నాడు భూగర్భమున కరగి గడ్డకట్టినది. స్ఫటికము స్ఫటికముతో పెనవేసుకొన్నది. దానిలో పొరలు లేవు. గుండుమీద కట్టెలు పేర్చి కాల్చి చెక్కలేపినను, వరుసగా గుంటలు తొలిచి ఇనుపచీలలు దిగగొట్టినను వచ్చునవి కడీలు, మెట్లు, గోడరాళ్ళు; రెండంగుళములకు లోబడిన నునుపైన పలక రాదు. ఎలగందుల, రామగిరి కోటలను లేపి, నగునూరున గుళ్ళు కట్టిన శిల్పుల నైపుణ్యమును ఈ సందర్భమున తలచుకొన్నచో, ఆ గుళ్ళ రాతి నునుపు వెనుక ఎంతటి మానవశ్రమ గలదో తెలియును. గుడి కొరకు చేసిన అట్టి శ్రమను వంటింటి కొరకు ఎవ్వరు చేయుదురు?

సున్నపురాయి కథ వేరు. అది నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొన్నది, ఉలికి లొంగును. పెద్దపల్లి ప్రాంతమున ధూళికట్ట స్తూపమునకు శాతవాహనకాలపు శిల్పులు తొడిగిన ఫలకములు, బౌద్ధగాథలలోని ముచిలిందనాగుడు పడగ విప్పిన ఆ సుందర ఫలకములు, సున్నపురాతివే. ఈ జిల్లాలలో సున్నపురాయికి కొరత లేదు. కాని మంచిర్యాల, దేవాపురము, బసంతనగరములలోని కర్మాగారములు దానిని కాల్చి సిమెంటు చేసినవి. వంటింటి బండ మాత్రము దూరప్రాంతమునుండి దిగుమతి యయ్యెను. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు నిజాము రైలు నడచుటతో, ఆ దారిలోని తాండూరు బండయు, వాడి పొరుగున నున్న షాబాదు బండయు హైదరాబాదు మేడలకు చేరినవి. 1929 నాటికి కాజీపేట-బల్హార్షా మార్గము పూర్తియై పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి రైలు మీద నిలిచిన పిమ్మట, ఈ ప్రాంతమునకును దూరపు బండ వచ్చుటకు దారి సుగమమయ్యెను.

తొలినాటి గట్టు ఇటుకలు పేర్చి, పైన సిమెంటు గచ్చు చేసి, ఎర్రరంగు రుద్దినది. తరువాత దానిపై తాండూరు బండయో కడప బండయో పరచిరి. ఆ బండలలో ఒక లోపము మన వంటతోనే బయటపడెను. సున్నపురాయిని పులుపు తినును. చింతపండు పిసికిన చేయి, నిమ్మకాయ కోసిన కత్తి, పచ్చిపులుసు తొణికిన గిన్నె ఆనిన చోటనెల్ల మెరుపు పోయి తెల్లని మచ్చ ఏర్పడును. పసుపు దానిలోనికి ఇంకును. పులుపు లేనిదే ముద్ద దిగని ఇంటికి ఇట్టి రాయి చౌక యగుటచే వచ్చినదే గాని తగినదై వచ్చినది కాదు.

గట్టును ఇంటింటికి తెచ్చినది రాయి కాదు, గ్యాసు. కిరోసిను స్టవ్వు కొందరిని నిలువబెట్టినది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకము క్రింద పొదుపుసంఘముల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చుటతో, పల్లెలలోను పొయ్యి నేల విడిచి పైకెక్కినది. సిలిండరు నిలువవలెను, దానికంటె పొయ్యి ఎత్తున నుండవలెను. కాబట్టి గట్టు అవసరమయ్యెను. గ్రామస్త్రీ వంటింట నిటారుగా నిలుచుటను నేను ఈ ప్రాంతచరిత్రలో ఒక ముఖ్యఘట్టముగా భావింతును. దానిని ఏ చరిత్రగ్రంథమును తగినంతగా పట్టించుకొనలేదు. అయినను అన్ని పనులును పైకెక్కలేదు. సంక్రాంతికి సకినాలు చుట్టుట నేటికిని నేలమీదనే. తడిగుడ్డ పరచి, ఇరుగుపొరుగు స్త్రీలు చుట్టు కూర్చుండి, బియ్యపుపిండిని వ్రేళ్ళతో మెలివేయు ఆ పనికి ఏ గట్టును చాలదు. జొన్నరొట్టె మాత్రము, నున్నని రాతిమీద తట్టుటకు హాయిగా నుండుటచే, గట్టుమీది కెక్కినది.

ఇంతలో వాకిటి గుట్టకు గిరాకీ పుట్టెను. వజ్రపుపూసలు గుచ్చిన తీగరంపము వచ్చినతోడనే శిల కాఠిన్యము అడ్డు కాకపోయెను. ముదురు గోధుమవన్నె ఫెల్‌స్పార్ స్ఫటికములు నల్లని నేలమీద పొదిగినట్లుండు కరీంనగరపు రాయి ‘టాన్ బ్రౌన్’ అను పేరున అమెరికా వంటిండ్లకు చేరినది. ‘మేపుల్ రెడ్’, ‘కాఫీ బ్రౌన్’ దాని సోదరులు. ఘనమీటరునకు దాదాపు 2.7 టన్నులు తూగు దిమ్మెలు కాకినాడ రేవు మీదుగా ఓడనెక్కి చైనాకు పోయి అచట పలకలయ్యెను. విదేశము మెచ్చిన తరువాతనే, బావుపేట మిల్లులలో కోసిన పలక స్థానికుల గట్టుమీదకు వచ్చినది. గుణములో అది తగినదే: గీటుకు లొంగదు, చింతపండు దానిని తినదు, దించిన గంజు వేడికి బెదరదు. జిగురు కలిపిన క్వార్ట్జు పలక మరక పట్టదు గాని మండుచున్న మూకుడును సహింపదు. నన్నడిగినచో మన తాళింపునకు మన రాయియే మేలని చెప్పుదును.

చెప్పుచునే ఒక గుట్టను తలంతును. గంగాధర ప్రాంతమున కురిక్యాల సమీపమునగల బొమ్మలమ్మ గుట్టమీద, కన్నడ మహాకవి పంపని సోదరుడైన జినవల్లభుడు 10వ శతాబ్దమున సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము చెక్కించెను. అందలి తెలుగు కందపద్యములు మన పద్యచరిత్రలో మిక్కిలి ప్రాచీనములు, 2008లో తెలుగునకు లభించిన ప్రాచీనభాషా ప్రతిపత్తికి ఆధారములుగా చూపబడినవి. గ్రానైటు త్రవ్వకముల వలన ఆ గుట్టకు ముప్పు కలుగునని చరిత్రాభిమానులు ఆందోళన చెందిరి. జినవల్లభుని అక్షరములను వేయియేండ్లకు పైగా నిలుపుకొన్నది ఆ శిల కాఠిన్యమే. వంటింటి గట్టునకు దానిని కోరదగినదిగా చేసినదియు ఆ కాఠిన్యమే. బొమ్మలమ్మ గుట్టకు శాసనమున్నది కనుక పలుకువారు కలరు. శాసనము లేని గుట్టలు ఎన్నో దిమ్మెలై లారీలెక్కినవి. వాటికి ఊరివారు పెట్టుకొన్న పేర్లును, వాటి క్రింది చెరువులకు నీరు దిగిన దారులును ఆ ఊళ్ళ వృద్ధులకు ఇంకను జ్ఞాపకమున్నవి. వారు ఉండగనే వాటిని వ్రాసికొనవలెను.