శ్రీకాళహస్తి సాలీడు, గుత్తి సాలీడు

బట్ట నేసేవానిని తెలుగువారు సాలె అన్నారు. గోడమూల దారం అల్లే జీవిని సాలెపురుగు, సాలీడు అన్నారు. మగ్గం లేకుండా, నూలు కొనకుండా, తన పొట్టలోని దారంతో తానే అల్లుకొనే ప్రాణిని చూచి నేతగాని నేర్పును దానికి అంటగట్టారు. సంస్కృతం దానిని ఊర్ణనాభమని, తంతువాయమని, లూత అని పిలిచింది. మొదటి రెండు పేర్లలో మెచ్చుకోలు ఉన్నది. మూడవది విషవైద్యుల నోట వినిపించే పేరు. మెచ్చుకోలుకూ భయానికీ నడుమ, అసలు సాలీడును దగ్గరకు వెళ్లి చూచినవారు మాత్రం చాలాకాలం అరుదు.

మెచ్చుకోలుకు పరాకాష్ఠ శ్రీకాళహస్తి. ఆ ఊరి పేరులోని ‘శ్రీ’ సాలీడు, ‘కాళ’ సర్పం, ‘హస్తి’ ఏనుగు అని స్థలపురాణం. స్వర్ణముఖీ తీరాన శివలింగంపై సాలీడు తన దారాలతో గుడిని, గోపురాలను అల్లిందట. భక్తిని పరీక్షించదలచి శివుడు దీపజ్వాలతో ఆ గూడును కాల్చగా, సాలీడు కోపించి ఆ దీపాన్నే మ్రింగబోయిందట. శ్రీకృష్ణదేవరాయల కాలపు కవి ధూర్జటి తన కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ఈ కథకు కావ్యగౌరవం కల్పించాడు.

తమిళనాట ఇదే సాలీడు మరొక రూపంలో కనిపిస్తుంది. తిరువానైక్కావల్‌లో లింగంపై ఎండుటాకులు రాలకుండా సాలీడు పందిరి అల్లగా, దానిని మాలిన్యమని తలచి ఏనుగు చెరిపివేసింది. సాలీడు ఏనుగు తొండంలో దూరి కుట్టింది. రెండూ మరణించాయి. ఆ సాలీడే కోచ్చెంగట్ చోళుడై పుట్టి, ఏనుగు ప్రవేశించలేని ఎత్తయిన ఆలయాలు కట్టించాడట. ఈ రాజు కథను పన్నెండవ శతాబ్దంలో చెప్పిన శేక్కిళార్ చెన్నై సమీపంలోని కున్రత్తూరువాడు. పురసవాక్కం తెలుగు పిల్లలది ఒక విధంగా అదృష్టమే. ఇంట కాళహస్తి కథ, గంగాధరేశ్వరాలయ వీధిలో చోళరాజు కథ, రెండూ వారి చెవిన పడతాయి. భక్తిని పక్కన పెట్టినా ఈ కథల్లో ఒక మంచి పరిశీలన ఉన్నది. దీపం ఉన్నచోట పురుగులు మూగుతాయి. పురుగులు మూగినచోట సాలీడు గూడు కడుతుంది. గర్భగుడి మూలను అది ఎన్నుకొనడంలో వింత లేదు.

ముండకోపనిషత్తు ఇంకొక అడుగు ముందుకు వేసింది. సాలీడు దారాన్ని వెలువరించి తిరిగి తనలోకి తీసుకొన్నట్లే అక్షరబ్రహ్మం నుండి విశ్వం పుడుతుందని పోల్చింది. ఇది వట్టి ఉపమానం కాదు. చక్రంవలె గూడు కట్టే సాలీళ్లు అనేకం పాతగూటిని తినివేసి, ఆ మాంసకృత్తులతోనే కొత్తదారం తీస్తాయి. ఈ పునర్వినియోగాన్ని 1971లో ప్రచురితమైన ఒక పరిశోధన కొలిచి చూపించింది.

ఇక భయం సంగతి. సుశ్రుతసంహిత కల్పస్థానం పదహారు రకాల లూతలను చెప్పి, వాటిలో ఎనిమిదింటి విషం అసాధ్యమన్నది. విశ్వామిత్రునిపై కోపించిన వసిష్ఠుని చెమటబొట్లు కోసిన గడ్డిపై పడి లూతలు పుట్టాయని కూడా చెప్పింది. నేటికీ ఒంటిపై మంటతో పొక్కులు లేస్తే ‘సాలెపురుగు పాకింది’ అంటారు. చర్మవైద్యులు పరిశీలించగా, అటువంటి పొక్కులలో అనేకం పెడెరస్ అనే చిన్న రెక్కపురుగు నలిగినప్పుడు కారే రసం వలన కలిగేవని తేలింది. చేయని నేరానికి శిక్ష అనుభవించే జీవులలో సాలీడుది ముందు వరుస.

అసలు సాలీడు కీటకమే కాదు. కీటకానికి ఆరు కాళ్లు, సాలీడుకు ఎనిమిది. దానికి రెక్కలుండవు, మీసాలుండవు. ప్రపంచంలో గుర్తించి పేరు పెట్టిన సాలీళ్ల జాతుల సంఖ్య 2022లో 50,000 దాటింది. అన్నీ గూడు కట్టవు. గోడపై గెంతి ఈగను పట్టేది ఒకటి. రాత్రివేళ బొద్దింకలను వేటాడి, గ్రుడ్లసంచిని పొట్టక్రింద మోసుకొని తిరిగేది మరొకటి. సంక్రాంతికి ముందు ఇల్లాలు బూజుకర్రతో దులిపేది చాలావరకు సాలీడు విడిచిపోయిన, దుమ్ము పట్టిన పాతగూడునే.

రైతుకు ఇంకా దగ్గరి బంధువు వరిమళ్లలోని తోడేలు సాలీడు. సుడిదోమను అది కుదుళ్ల దగ్గరే పట్టి తింటుంది. మందు చల్లితే ముందుగా చచ్చేవి ఈ సాలీళ్లే. తరువాత దోమ మరింత విజృంభిస్తుంది. ఈ అనుభవంతోనే ఇండోనేసియా 1986లో వరిపై 57 పురుగుమందులను నిషేధించింది.

పురసవాక్కానికి చేరువలో, ఎగ్మూరులోని ప్రభుత్వ వస్తుప్రదర్శనశాల 1851లో వెలసింది. 1920 నుండి 1940 వరకు దానికి అధిపతిగా ఉన్న ఎఫ్.హెచ్. గ్రేవ్లీ భారతదేశపు సాలీళ్లను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ముఖ్యుడు. టి.ఎన్. రామచంద్రన్‌తో కలిసి దక్షిణాది లోహవిగ్రహాల పట్టికను 1932లో వెలువరించినవాడూ ఆయనే. నటరాజ విగ్రహాన్నీ, బొరియలో దాగిన సాలీడునూ అంతే శ్రద్ధతో చూచిన కన్ను అది. ఆయన ప్రత్యేకంగా పరిశీలించినది బొరియల్లోను, తొర్రల్లోను నివసించే పెద్ద సాలీళ్ల వర్గాన్ని.

ఆ వర్గంలోనిదే, తెలుగునేల ప్రపంచానికి ఇచ్చిన అతిసుందరమైన సాలీడు. 1899లో లండన్ బ్రిటిష్ మ్యూజియం శాస్త్రజ్ఞుడు పోకాక్, అనంతపురం సీమలోని గుత్తిలో దొరికిన ఒకే ఒక నమూనాను వర్ణించి దానికి పోసిలోథీరియా మెటాలికా అని నామకరణం చేశాడు. కాళ్లు చాపితే జానెడు, ఒళ్లంతా మెరిసే నీలం. ఈ నీలం పూసిన రంగు వంటిది కాదు. వెంట్రుకలలోని అతిసూక్ష్మమైన అమరిక వెలుతురులోని నీలికిరణాలను తిరగగొట్టడం వలన కలిగేదని 2015 నాటి పరిశోధన వివరించింది.

ఆ తరువాత నూటరెండేళ్లు ఈ సాలీడు ఎవరి కంటా పడలేదు. 2001లో మళ్లీ కనిపించినది గుత్తిలో కాదు. నంద్యాల, గిద్దలూరుల మధ్య తూర్పుకనుమల అడవిలో. గుత్తి పెద్ద రైల్వే కూడలి. అడవి నుండి వచ్చిన కలపలో దాగి ఆ మొదటి సాలీడు రైలెక్కి ఉంటుందని పండితుల అభిప్రాయం. ప్రయాణికురాలికి దిగిన స్టేషను పేరే ఇంటిపేరైనట్లు, ప్రపంచమంతా నేటికీ దానిని గుత్తి సాలీడనే పిలుస్తున్నది.

కనిపించడమే దానికి ఆపదైంది. కొద్దికాలానికే విదేశాలలో వింతజీవులను పెంచేవారి గాజుపెట్టెలకు చేరింది. అక్కడ పిల్లలను పెట్టి విరివిగా అమ్ముడుపోతున్న ఈ జీవిని, స్వస్థలంలో తీవ్రంగా అంతరించే ప్రమాదమున్నదిగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో ప్రకటించింది. దాని నివాసం నూరు చదరపు కిలోమీటర్ల కన్న తక్కువ అని ఆనాటి అంచనా. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వర్తక నియంత్రణ జాబితాలో చేర్చారు.

వర్తకం కన్న గొడ్డలి పెద్ద శత్రువు. ఈ సాలీడు ముసలిచెట్ల తొర్రలలోనే బ్రతుకుతుంది, వంటచెరకుకూ కలపకూ ముందుగా కూలేవి ఆ చెట్లే. తొర్రలు సమృద్ధిగా ఉన్నచోట ఒక్కొక్కటి ఒక్కొక్క తొర్రలో ఉంటుంది. తొర్రలు కరవైన చెట్టుపై మాత్రం, ఒంటరితనమే స్వభావమైన ఈ జీవులు పిన్నా పెద్దా కలిసి ఒకే తొర్రలో ఇరుక్కొని కాలం గడుపుతాయి.