కచేరీ ధ్వనిముద్రణ దేనికి సాక్ష్యం? – 1938 వియన్నా కచేరీ ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

వ్రాతప్రతి చేతికి రాగానే అది ఏ కాలానిదో, ఎవరు రాశారో, ఏ మాతృకను చూసి రాశారో సాహిత్య పరిశోధకుడు ముందుగా విచారిస్తాడు. కచేరీ ధ్వనిముద్రణ విషయంలో ఈ విచారణ తరచు మరుగున పడుతుంది. చెవికి నేరుగా వినిపిస్తున్నది కనుక అది గతమేనని నమ్ముతాం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో స్వరలిపి మూలపాఠం. ప్రతి కచేరీ దానికి ఒక వ్యాఖ్యానం. ఆ వ్యాఖ్యానాన్ని భద్రపరచిన ధ్వనిముద్రణను చరిత్రరచనలో ఎంతవరకు ప్రమాణంగా స్వీకరించవచ్చు అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. 1938 జనవరి 16న వియన్నాలో జరిగిన కచేరీ ఇందుకు ప్రధాన ఆధారం.

కచేరీ – ముద్రణ విధానం

గుస్తావ్ మాలర్ తన తొమ్మిదవ సింఫనీని కచేరీలో వినకుండానే 1911 మే 18న మరణించాడు. 1912 జూన్ 26న వియన్నా ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో దానిని తొలిసారి వినిపించినవాడు ఆయన సహచరుడు బ్రూనో వాల్టర్. 1938లో అదే వాల్టర్ అదే బృందంతో మ్యూజిక్‌ఫెరైన్ భవనంలో ఆ కృతిని వినిపించగా, హెచ్‌ఎంవి సంస్థ పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ పర్యవేక్షణలో ముద్రించారు. ఈ కృతికి ఇదే తొలి ధ్వనిముద్రణ.

ఆనాటి గ్రామఫోను రికార్డు ఒక్కో వైపున సుమారు నాలుగు నిమిషాల సంగీతమే పట్టేది. అందువల్ల 70 నిమిషాల ఈ కచేరీ పది రికార్డుల రెండు వైపులా, అంటే ఇరవై భాగాలుగా వెలువడింది. స్టూడియోలో వాద్యకారులు ప్రతి భాగం చివరా ఆగవచ్చు. తప్పు దొర్లితే తిరిగి వాయించవచ్చు. నిడివికి సరిపోయేలా వేగం పెంచిన సందర్భాలూ లేకపోలేదు. శ్రోతల ముందు జరిగే కచేరీలో ఆ వీలు లేదు. కనుక ఈ ముద్రణలోని కాలప్రమాణాన్ని యంత్రం నిర్ణయించిందనడానికి ఆస్కారం తక్కువ. శ్రోతల దగ్గులు కూడా వినిపించే ఈ ముద్రణకు సాక్ష్యంగా ఉన్న తొలి బలం ఇదే.

తరువాతి చరిత్రను ముందే వినడం

వాల్టర్ ఇదే కృతిని 1961లో, 84 ఏళ్ల వయసులో, అమెరికాలో స్టూడియోలో ముద్రించాడు. అది సుమారు 80 నిమిషాలు సాగుతుంది. ఒకే స్వరలిపి, ఒకే నిర్దేశకుడు. అయినా పది నిమిషాల వ్యత్యాసం. దీనికి ప్రచారంలో ఉన్న సమాధానం ఒకటి ఉంది. 1938 మార్చి 12న జర్మన్ సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించాయి. యూదుడైన వాల్టర్ ప్రవాసి అయ్యాడు. కాబట్టి జనవరి కచేరీలోని వేగం, తీవ్రత రానున్న విపత్తుకు సూచనలని వ్యాఖ్యానించేవారున్నారు.

ఈ వాదం హృదయాన్ని తాకుతుంది కాని ప్రమాణానికి నిలవదు. జనవరిలో వాయించినవారికి మార్చి తెలియదు. వేగాన్ని భయానికి ఆపాదించాలంటే, భయం లేని కాలంలో వాల్టర్ ఇదే కృతిని నిదానంగా వాయించినట్లు చూపాలి. 1938కి ముందు ఈ కృతికి ముద్రణే లేదు కనుక అది చూపడం సాధ్యం కాదు. వయసు, బృందం, స్టూడియో వాతావరణం – వీటిలో ఏది 1961 నాటి మందగమనానికి కారణమో తేల్చడమూ అంతే కష్టం. కవి జీవితంలోని తరువాతి ఘట్టాలను బట్టి ముందరి పద్యాలకు అర్థం చెప్పడంలో ఉన్న దోషమే ఇక్కడా ఉంది.

అయితే ఈ ముద్రణ నిస్సందేహంగా నిరూపించేది ఒకటుంది: ఆ రోజు ఆ వేదికమీద ఆ బృందం కలిసి వాయించింది. 1881 నుంచి ఆ బృందానికి ప్రథమ వయొలిన్ విద్వాంసుడైన ఆర్నాల్డ్ రోజే మాలర్‌కు చెల్లెలి భర్త. మార్చి తరువాత ఆయనను తొలగించారు. 1939లో లండన్ చేరి, 1946లో అక్కడే మరణించాడు. ఆయన కుమార్తె, వయొలిన్ కళాకారిణి ఆల్మా 1944లో ఆష్విట్జ్ శిబిరంలో మరణించింది. బృందపు పూర్వ, వర్తమాన సభ్యులలో ఏడుగురు నాజీల హింసకు బలయ్యారు. వాయించినవారు భయపడుతున్నారా అన్నది ఈ ముద్రణ చెప్పదు. రెండు నెలల తరువాత అదే కూర్పుతో మళ్లీ సమకూడలేని బృందం ధ్వనిని మాత్రం అది నిలిపి ఉంచింది.

స్వరలిపికి అందనిది

ఛాంబర్ సంగీతంలో ఇటువంటి సాక్ష్యానికి ఉదాహరణ 1940 ఏప్రిల్ 13న వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో జరిగిన కచేరీ. వయొలిన్ వాద్యకారుడు జోసెఫ్ సిగెటీ, పియానోపై బేలా బార్టోక్ కలిసి బేథోవెన్, డెబ్యుసీ కృతులతో పాటు బార్టోక్ కృతులను వినిపించారు. రచయితే తన పాఠానికి వ్యాఖ్యాత అయిన అరుదైన సందర్భమిది. బార్టోక్ 1906 నుంచి పల్లెపాటలను మైనపు సిలిండర్లపై సేకరించాడు. 1934 నుంచి హంగేరీ విజ్ఞాన అకాడమీలో వాటిని మళ్లీ మళ్లీ వింటూ తన లిపిని తానే సవరించుకున్నాడు. లిపి ఎక్కడ ఆగిపోతుందో ఎరిగిన సంగీతకర్త చేతి వాద్యమే ఈ ముద్రణలో ఉంది.

పరిష్కృత ప్రతుల సమస్య

1936 నవంబరు 19న జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో థామస్ బీచమ్ నిర్దేశకత్వంలో లండన్ ఫిల్హార్మోనిక్ కచేరీని అయస్కాంత టేపుపై ముద్రించారు. టేపు నిడివి సమస్యను తీర్చింది. దానితోపాటు కత్తిరించి అతికించే వీలునూ తెచ్చింది. నేడు కచేరీ ముద్రణగా వెలువడేది తరచు రెండు మూడు రాత్రుల వాద్యం నుంచి ఏరి కూర్చినది. పలు ప్రతుల నుంచి మేలైన పాఠాలు గ్రహించి సిద్ధం చేసిన పరిష్కరణ వంటిది అది. చదువరికి అది ఉపకరిస్తుంది. కాని అచ్చంగా అదే పాఠం గల ప్రతి ఏ కాలంలోనూ ఉండకపోవచ్చు. అట్లే, అటువంటి ముద్రణ వినిపించే కచేరీ ఏ రాత్రీ జరగలేదు. పాత ముద్రణలలోని దగ్గును, గరగర శబ్దాన్ని తుడిచివేసే పునర్ముద్రణలకూ ఈ మాట వర్తిస్తుంది.

ముగింపు

కచేరీ ధ్వనిముద్రణను ప్రమాణంగా స్వీకరించేటప్పుడు మూడు విషయాలు తేల్చుకోవాలి: ముద్రించిన యంత్రపు పరిమితి, ముద్రణ తరువాత జరిగిన పరిష్కరణ, వినేవారు తరువాతి చరిత్ర నుంచి తెచ్చి కలిపే అర్థం. ఈ మూడింటినీ వేరు చేశాక మిగిలేది కొంచెమే కావచ్చు. 1938 కచేరీలో అలా మిగిలినది ఒక కాలప్రమాణం, ఒక సభ, ఆ సభలో కలిసి కూర్చున్న కొందరు మనుషులు. హరికథ, అవధానం వంటి ప్రదర్శనల ముద్రణలను ఆకరాలుగా గ్రహించే తెలుగు పరిశోధకులకూ ఈ విచక్షణ అవసరం.