చిన్న పేర్లు పెట్టుకున్న పెద్ద జబ్బులు

ఇబ్రహీంపట్నంలో నేను వైద్యం చేస్తున్న రోజుల్లో ఒక తల్లి, తన అత్తగారితో కలిసి, నాలుగేళ్ల పిల్లవాణ్ణి తీసుకొని వచ్చింది. వాడి ఒంటినిండా నీటిపొక్కులు. "చికెన్‌పాక్స్" అన్నాను. ఆమె కలవరపడి, "మా ఇంట్లో నాలుగు కోళ్లున్నాయి డాక్టరుగారూ, అమ్మేయమంటారా?" అని అడిగింది. అత్తగారు నవ్వి, "కోళ్లేం చేశాయే? ఇది చిన్నమ్మవారు. వేపాకు పరిచి పడుకోబెడితే అదే పోతుంది" అన్నది. కోడలు ఏడో నెల గర్భిణి. ఆమెకు చిన్నతనంలో ఈ జబ్బు రాలేదు. అసలు ఆలోచించవలసినది ఆ సంగతి. అది మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

ఒక పేరు కోడలిని అనవసరంగా భయపెట్టింది. మరొక పేరు అత్తగారిని అనవసరంగా ఊరడించింది. ఆనాటినుంచి నాకు ఈ పేర్ల చరిత్ర మీద ఆసక్తి కలిగింది. ఒళ్లంతా దద్దురో పొక్కులో లేచే వ్యాధులకు ఇంగ్లీషులో వాడే పేర్లలో చాలావాటిని విప్పి చూస్తే, లోపల 'చిన్నది', 'పిల్లది', 'లెక్కలోనిది కాదు' అనే అర్థాలే కనిపిస్తాయి. ఆ పేర్లను నమ్మినవారు ఎలా మోసపోయారో మీకు చెప్పాలని ఈ వ్యాసం.

ముందుగా స్మాల్‌పాక్స్. 'పాక్స్' అంటే పొక్కులు, 'స్మాల్' అంటే చిన్న. సోకిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురిని బలిగొన్న వ్యాధికి 'చిన్న పొక్కులు' అని పేరేమిటి? 15వ శతాబ్దం చివరి దశకంలో ఐరోపాలో సిఫిలిస్ అనే సుఖవ్యాధి విజృంభించింది. ఆంగ్లేయులు దానిని 'గ్రేట్ పాక్స్', అంటే పెద్ద పొక్కులు అన్నారు. రెండింటినీ వేరుచేసి చెప్పడానికి పాత వ్యాధికి 'స్మాల్' అనే విశేషణం తగిలించారు. అదే సిఫిలిస్ పోర్చుగీసువారి రాక తరువాత మన దేశంలో ప్రబలినప్పుడు 16వ శతాబ్దపు 'భావప్రకాశ' గ్రంథం దానిని 'ఫిరంగ రోగం' అని వర్ణించింది. 'స్మాల్' అన్నది ఒక జబ్బును మరొక జబ్బునుంచి విడదీసే గుర్తు మాత్రమే. ప్రమాదాన్ని కొలిచిన కొలత కాదు.

మన పెద్దలు ఈ పొరపాటు చేయలేదు. మశూచి, స్ఫోటకం అన్నారు, పెద్దమ్మవారు అన్నారు. పోలేరమ్మకు, ముత్యాలమ్మకు మొక్కుకున్నారు. ఆ మొక్కు వ్యాధిని ఆపలేదు. అయినా ఆ పేరులో భయమూ భక్తీ ఉన్నాయి గాని చిన్నచూపు లేదు. రోగి ఉన్న ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టడం వల్ల పొరుగువారు దూరంగా ఉండే మేలు కొంత జరిగింది.

నిజమైన రక్షణ టీకాతో వచ్చింది. 1796 మే 14న ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ తొలి టీకా వేశాడు. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు మన దేశంలో మొదటి టీకా పడింది. తరువాతి కాలంలో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ టీకామందు తయారుచేసింది. నా ఈడువారి చేతులమీద గుండ్రని మచ్చలను మీరు చూసే ఉంటారు. అవి ఆ టీకాల గుర్తులే. 1975 మేలో మన దేశంలో చివరి మశూచి కేసు నమోదయింది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య మహాసభ ఈ వ్యాధి భూమిమీద లేదని ప్రకటించింది.

మశూచిలోనే మరొక రకం ఉండేది. అందులో మరణాలు నూటికి ఒకటి మించవు కనుక వైద్యులు దానిని 'వేరియోలా మైనర్' అన్నారు. ప్రపంచంలో సహజంగా సోకిన చివరి మశూచి ఈ రకమే. 1977 అక్టోబరులో సోమాలియాలో అలీ మావ్ మాలిన్ అనే ఆసుపత్రి వంటవాడికి అది వచ్చింది. మొదట మలేరియా అనుకున్నారు, తరువాత చికెన్‌పాక్స్ అనుకున్నారు. చిన్న పేరున్న జబ్బుల మధ్య తడబాటు చివరి రోగి దాకా సాగిందన్నమాట.

ఇక చికెన్‌పాక్స్. 'చికెన్' అన్న మాట మొదట కోడిపిల్లకు చెల్లేది. తరువాత అల్పమైనదానికీ వాడారు. ఈ వ్యాధికి కోళ్లతో సంబంధం లేదు. 1755 నాటి తన నిఘంటువులో శామ్యూల్ జాన్సన్, అంత ప్రమాదం లేనిది కాబట్టి ఈ పేరు వచ్చి ఉంటుందని ఊహించాడు. 1767లో విలియం హెబర్డెన్ ఇది మశూచికి భిన్నమైన వ్యాధి అని స్పష్టంగా నిరూపించాడు. దీని శాస్త్రీయ నామం 'వేరిసెల్లా'. అది కూడా 'వేరియోలా'కు పిల్లరూపమే. మనవారి చిన్నమ్మవారు, ఆటలమ్మ కూడా ఆ వరుసలోవే. చాలామంది పిల్లల్లో ఇది తేలికగా పోయే మాట నిజమే. గర్భిణులకు, అప్పుడే పుట్టిన శిశువులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం ఇది చిన్నది కాదు. తగ్గిన తరువాత కూడా వైరస్ నరాల్లో దాగి ఉండి, ఏళ్లు గడిచాక సర్పిగా బయటపడవచ్చు.

తట్టుకు లాటిన్‌లో 'మార్బిల్లీ' అని పేరు. 'మార్బస్' అంటే జబ్బు. మార్బిల్లీ అంటే బుల్లి జబ్బు. ఈ బుల్లి జబ్బు 1875లో ఫిజీ దీవుల్లో అడుగుపెట్టి, సుమారు లక్షన్నర జనాభాలో 40,000 మందిని పొట్టన పెట్టుకుంది. మన తెలుగువారు కూలీలుగా ఆ దీవులకు వలసవెళ్లినది ఆ తరువాతి తరంలోనే. 1963లో టీకా రాకముందు తట్టు ఏటా ప్రపంచంలో సుమారు 26 లక్షల మందిని చంపేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇతర వ్యాధులపై శరీరం అంతకుముందు సంపాదించుకున్న రక్షణ జ్ఞాపకాన్ని కూడా ఈ వైరస్ చెరిపివేస్తుంది. అందుకే తట్టు తగ్గిన పిల్లలు నిమోనియా, విరేచనాలతో తీసుకుపోతుంటారు.

చివరిది 'రుబెల్లా', అంటే చిన్న ఎరుపు. 1866లో హెన్రీ వీల్ అనే సైనిక వైద్యుడు ఈ పేరు పెట్టాడు. మూడు రోజుల జ్వరం, కాస్త దద్దురు, అంతే అనుకున్నారు. 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్, గర్భం దాల్చిన తొలి నెలల్లో రుబెల్లా సోకిన తల్లులకు కంటిశుక్లాలతో బిడ్డలు పుడుతున్నారని గుర్తించాడు. చెవుడు, గుండె లోపాలు కూడా అందులో భాగమే. తల్లికి చిన్న ఎరుపు, బిడ్డకు జీవితకాలపు చీకటి.

కృష్ణా డెల్టా రైతును అడగండి. 'పిల్లకాలువ' పేరులో పిల్ల ఉన్నా దానిని ఆయన చిన్నచూపు చూడడు. పొలానికి నీరు చేరేది దానినుంచే. జబ్బుల పేర్ల విషయంలోనూ మనకు ఆ వివేకం అవసరం. నేటికీ 'మైనర్ స్ట్రోక్' అనగానే ఊపిరి పీల్చుకొని మందులు మానేసేవారున్నారు. మూతి వంకరపోయి, చేయి పట్టుతప్పి పది నిమిషాల్లో సర్దుకుంటే 'మినీ స్ట్రోక్' అని ఇంట్లోనే ఉండిపోయేవారున్నారు. అది రాబోయే పెద్ద పక్షవాతానికి ముందస్తు హెచ్చరిక. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మీ పిల్లలకు 9 నుంచి 12 నెలల మధ్య ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరొకసారి మీజిల్స్-రుబెల్లా టీకా తప్పక వేయించండి. ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. చికెన్‌పాక్స్ సోకిన పిల్లలకు జ్వరం తగ్గాలని ఆస్పిరిన్ ఇవ్వవద్దు. పొక్కులన్నీ పెచ్చుకట్టేదాకా బడికి పంపవద్దు, గర్భిణుల దగ్గరకు వెళ్లనీయవద్దు.

ఆనాటి కోడలిని మూడు వారాలు కనిపెట్టి చూశాను. అదృష్టవశాత్తూ ఆమెకు సోకలేదు, ప్రసవం సుఖంగా జరిగింది. కోళ్లు కూడా క్షేమంగా ఉన్నాయి. కానీ ప్రతిసారీ అదృష్టం మీద ఆధారపడలేము కదా. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమన్నారు మన పెద్దలు. జబ్బు పేరులో 'చిన్న' అన్న మాట వినిపించినప్పుడల్లా మీరు ఆ కర్రను గుర్తుచేసుకోండి.