మోటారుసైకిలు విద్యుత్ లోపాలు

మోటారుసైకిలు విద్యుత్ లోపాలు అనగా ఆ వాహనంలోని దీపాలు, హారను, ఇండికేటర్లు, సెల్ఫ్ స్టార్టు మొదలైనవి సరిగా పనిచేయకపోవడానికి కారణమయ్యే లోపాలు. వీటిలో పలు లోపాలు విడిభాగాలు చెడిపోవడం వలన గాక, తీగల అతుకులు వదులు కావడం వలన, తుప్పు పట్టడం వలన కలుగుతాయి. కాబట్టి ఏ భాగాన్నైనా మార్చే ముందు విద్యుత్తు ఎక్కడి వరకు అందుతున్నదో వరుసగా పరీక్షించాలి.

విద్యుత్ వ్యవస్థ

ఇంజను తిరిగినప్పుడు మాగ్నెటో ఏకాంతర విద్యుత్తును ఉత్పత్తి చేస్తుంది. రెక్టిఫయరు దానిని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. రెగ్యులేటరు వోల్టేజి హద్దు మీరకుండా చూస్తుంది. ఈ విద్యుత్తు 12 వోల్టుల బ్యాటరీలో నిలువ ఉంటుంది. బ్యాటరీ ధన ధ్రువం నుండి ఫ్యూజు, తాళం స్విచ్చిల మీదుగా పరికరాలకు చేరి, వాహనపు చట్రం ద్వారా ఋణ ధ్రువానికి తిరిగి వస్తుంది. ఈ తిరుగు మార్గాన్ని ఎర్తు అంటారు.

పలు పాత నమూనాలలో హెడ్‌లైటుకు విద్యుత్తు నేరుగా మాగ్నెటో నుండి అందుతుంది. అటువంటి వాహనాలలో ఇంజను నెమ్మదించినప్పుడు వెలుతురు తగ్గడం సహజం. భారతదేశంలో 2017 ఏప్రిల్ నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు దానంతట అదే వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. కనుక వాటిలో పగటిపూట దీపం వెలగడం లోపం కాదు.

పరీక్షించే క్రమం

1. బ్యాటరీ: కొన్ని గంటలు కదపకుండా ఉంచిన బ్యాటరీలో మల్టీమీటరు సుమారు 12.6 వోల్టులు చూపితే అది నిండుగా ఉన్నట్లు. 12 కంటే తక్కువైతే ఛార్జి బాగా తగ్గినట్లు. ఇంజను వేగం పెంచినప్పుడు సాధారణంగా 13.5 నుండి 14.5 వరకు ఉండాలి. పెరగకపోతే మాగ్నెటోను, రెక్టిఫయరును, వాటి అతుకులను చూడాలి. 15 దాటితే రెగ్యులేటరును అనుమానించాలి. బల్బులు తరచూ మాడిపోవడానికి ఇదొక కారణం.

2. ఫ్యూజు: అన్నీ ఒకేసారి ఆగిపోతే ముందుగా ఫ్యూజును చూడాలి. అదే ఆంపియర్ల ఫ్యూజునే వేయాలి. మళ్ళీ పోతే ఎక్కడో షార్టు సర్క్యూటు ఉన్నట్లు. ఫ్యూజుకు బదులు రాగి తీగ చుట్టడం వలన వైరింగు మొత్తం కాలిపోయే ప్రమాదం ఉంది.

3. ఎర్తు: 35 వాట్ల బల్బు 12 వోల్టుల వద్ద సుమారు 2.9 ఆంపియర్లు తీసుకుంటుంది. దాని మార్గంలో తుప్పు పట్టిన అతుకు ఒక్క ఓము నిరోధం కలిగించినా రెండు వోల్టులకు పైగా అక్కడే నష్టమవుతుంది. అప్పుడు కొత్త బల్బు వేసినా మసకగానే వెలుగుతుంది. అతుకును గరుకు కాగితంతో శుభ్రపరచి బిగించాలి.

4. తీగలు: హ్యాండిలు తిప్పినప్పుడు దీపం ఆరి వెలుగుతుంటే, హ్యాండిలు మెడ వద్ద తీగ తొడుగు లోపల తెగి ఉండవచ్చు.

5. ఇండికేటర్లు: ఒకవైపు మాత్రమే మరీ వేగంగా కొట్టుకుంటున్నా, కొట్టుకోకపోయినా ఫ్లాషరును మార్చే ముందు ఆ వైపు బల్బులను చూడాలి.

6. బ్రేకు దీపం: చేతి బ్రేకుకు, కాలి బ్రేకుకు వేర్వేరు స్విచ్చిలు ఉన్న వాహనాలలో ఒకదానితో వెలిగి రెండవదానితో వెలగకపోతే లోపం బల్బులో లేదు, రెండవ స్విచ్చిలోనో దాని తీగలోనో ఉంది.

జాగ్రత్తలు

బ్యాటరీని విప్పేటప్పుడు ఋణ ధ్రువాన్ని ముందుగా విప్పి, బిగించేటప్పుడు చివరగా బిగించాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీని విప్పరాదు. హాలోజన్ బల్బు గాజును వ్రేళ్ళతో తాకరాదు. తయారీదారు సూచించిన దానికంటే ఎక్కువ వాట్ల బల్బు వేస్తే హోల్డరు, తీగలు వేడెక్కుతాయి.

వెనుక దీపం వెలగని సంగతి నడిపేవారికి కనిపించదు. చీకటిలో వెనుకనుండి వచ్చే లారీ డ్రైవరుకు ముందున్న వాహనమే కనిపించదు. అందుచేత రాత్రి ప్రయాణానికి ముందు వాహనాన్ని గోడ దగ్గర నిలిపి, గోడపై పడే వెలుగును బట్టి వెనుక దీపాన్ని, బ్రేకు దీపాన్ని సరిచూసుకోవడం మంచిది.