కాసులపేరులో కాన్‌స్టాంటినోపిల్

ఎమ్మిగనూరులోని ఒక నేత కుటుంబము నుండి మా కేంద్రమునకు ఒక ఉత్తరము వచ్చినది. ప్రాచీన నాణెములను గురించి నేను చేసిన ప్రసంగమును ఆ యింటివారు విన్నారట. తమ అవ్వ దగ్గర పాతకాలపు బంగారు కాసులు ఏడు ఉన్నవనియు, వాటి మీద పరదేశపు దేవుళ్ళ బొమ్మలున్నవనియు, ఆదోని అంగడిలో వాటిని కరిగించి కొత్త బంగారము ఇచ్చెదమని అంటున్నారనియు వ్రాసి, మీరు చెప్పిన రోము కాసులు ఇవేనా అని అడిగినారు. చూడకుండ జవాబు వ్రాయదగిన ప్రశ్న కాదది. కనుక వెళ్ళి చూచాను. చూచినదేమో చెప్పుటకు ముందు, రోము కాసులు మన సీమకు ఎట్లు వచ్చినవో మనవి చేయవలసి యున్నది.

క్రీ.శ. 330లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి రోమను సామ్రాజ్యమునకు తూర్పున కొత్త రాజధానిని ప్రతిష్ఠించినాడు. అది కాన్‌స్టాంటినోపిల్, నేటి ఇస్తాంబుల్. పశ్చిమమున రోము కూలిన తరువాత కూడ ఆ తూర్పు రాజ్యము వెయ్యేండ్లు నిలిచినది. చరిత్రకారులు దానిని బైజాంటియమని పిలుచుచున్నారు. కాన్‌స్టంటైన్ ప్రవేశపెట్టిన బంగారు నాణెము పేరు సాలిడస్. ఒక రోమను పౌను బంగారమునకు డెబ్బది రెండు నాణెములు. ఒక్కొక్కటి ఇంచుమించు నాలుగున్నర గ్రాములు. ఏడు వందల సంవత్సరముల పాటు దాని తూకము గాని మేలిమి గాని పెద్దగా తగ్గలేదు. ఏ దేశపు ద్రవ్యమునకైనను ఇట్టి చరిత్ర అరుదు.

ఆరవ శతాబ్దిలో కాస్మస్ అను వర్తకుడు, తరువాత సన్యసించినవాడు, సింహళ రాజసభలో జరిగినదని ఒక కథ వ్రాసినాడు. సోపాత్రుడను రోమను వర్తకుడును, ఒక పారసీకుడును రాజు ఎదుట నిలిచినారు. మీ యిరువురి ప్రభువులలో ఎవరు గొప్ప అని రాజు అడిగినాడు. మా రాజే అన్నాడు పారసీకుడు. సోపాత్రుడు వాదింపక, ఇరువురి నాణెములను తెప్పించి చూడుమన్నాడు. ఒకటి తళతళలాడు బంగారము, రెండవది వెండి. రాజు బంగారము వైపు మొగ్గినాడు. కథ బాగున్నది, కాని వాడు తన దేశము గెలిచిన కథను తానే చెప్పుచున్నాడు. పైగా ఇంచుమించు ఇటువంటి ముచ్చటనే నాలుగు వందల యేండ్లకు పూర్వము ప్లినీ కూడ సింహళము గురించి చెప్పి యున్నాడు. కనుక దీనిని సాక్ష్యముగా గాక, వర్తకులు చెప్పుకొను ముచ్చటగా వినుట మేలు.

గట్టి సాక్ష్యము మన నేలలోనే దొరకినది. 1786లో నెల్లూరు ప్రాంతమున ఒక రైతు దున్నుచుండగా నాగలి ఒక పాత గుడి శిథిలమునకు తగిలి, రోమను బంగారు నాణెములున్న కుండ బయటపడినది. చాల నాణెములు అమ్ముడుపోయి మూసలోనికి పోయినవి. మిగిలినవాటిని చూచిన డేవిడ్‌సన్ అను దొర, కొన్ని టంకశాల నుండి అప్పుడే వచ్చినట్లున్నవనియు, కొన్నిటికి రంధ్రములున్నవనియు, వాటిని ఆభరణములుగా ధరించి యుందురనియు వ్రాసినాడు. 1889లో వినుకొండలో, 1932లో నంద్యాలలో మరికొన్ని రాశులు దొరకినవి. ఇవన్నియు తొలి రోమను చక్రవర్తుల కాలపువి. బైజాంటియపు బంగారము కొరకు తుంగభద్రకు ఎగువగా పోవలెను. ఆ నదీ పరీవాహములోనే, కర్ణాటకమున హానగల్లు దగ్గర అక్కి ఆలూరులో నలుబదికి పైగా బంగారు నాణెములు దొరకినవి. వాటిలో అధికభాగము రెండవ థియొడోసియస్ మొదలు మొదటి జస్టిన్ వరకు, అనగా ఐదవ శతాబ్దము నుండి ఆరవ శతాబ్దపు తొలిపాదము వరకు, పాలించిన చక్రవర్తుల పేర నున్నవి.

ఆ నాణెములలో నాకు ముఖ్యమని తోచినది చక్రవర్తి ముఖము కాదు, ముఖము పైనున్న రెండు రంధ్రములు. నాణెముల వ్యాపారి రంధ్రము చూడగానే వెల తగ్గించును. చరిత్ర చదువువాడు అక్కడనే ఆగవలెను. రెండు రంధ్రములు పక్కపక్కనే, సరిగా తల పైన, ఉన్నవి. ఒక్క రంధ్రమైన కాసు దారము మీద తిరిగిపోవును. రెండున్నచో బొమ్మ నిటారుగా, ఎదురుగా నిలుచును. ఆ కాసును ధరించినవారికి ఏది పైభాగమో తెలుసు, ముఖము కనబడవలెనను కోరిక యున్నది. చక్రవర్తి పేరు తెలియకపోయినను ఆయన తల క్రిందులు కాకుండ చూచుకొన్నారు.

ఇంకొక విశేషము. ఈ రాశులలో కొన్ని కాసులు కాన్‌స్టాంటినోపిల్‌లో ముద్రించినవి కావు. ఇక్కడి కంసాలులు చూచి చేసినవి. అసలు సాలిడస్ అడుగున, మేలిమి బంగారమునకు గుర్తుగా, కానాబ్ అను అక్షరములుండును. అనుకరణలో అవి అక్షరములు గాక వట్టి గీతలగును. వీటిని దొంగ నాణెములనుట తొందరపాటు. మోసము కొరకు కాక, మెడలో వేసికొనుటకు చేసిన బంగారు వస్తువును దొంగది అనుట ఎట్లు?

ఏడవ శతాబ్దిలో సిరియా, ఈజిప్టులు అరబ్బుల వశమైనవి. ఎఱ్ఱ సముద్రపు మార్గమున వచ్చుచుండిన బైజాంటియపు బంగారపు ధార ఎండినది. చాల శతాబ్దముల తరువాత దాని స్థానమున మరియొక పరదేశపు కాసు వచ్చినది. అది 1284లో వెనిస్ నగరము ముద్రించిన డకటు. మూడున్నర గ్రాములు, మేలిమి బంగారము. దాని మీది బొమ్మల పొందికలో బైజాంటియపు సంప్రదాయము స్పష్టము. ఒకవైపు సన్యాసివంటి మార్కు ముని ఎదుట మోకరిల్లిన డోజీ, అనగా ఆ నగర ప్రభువు. రెండవవైపు నక్షత్రముల కోడిగ్రుడ్డు చట్రములో క్రీస్తు. 1797లో ఆ రాజ్యము అంతమగువరకు డకటు తూకము మారలేదు. మనవారు బొమ్మలను చూచి దానిని పుతలీ అన్నారు. పుతలీల పేరు ఎరుగని పాత యిల్లు తెలుగునాట తక్కువ.

ఆదోనికి నాణెములు కొత్త కాదు. మొగలులు 1680ల చివర దుర్గమును పట్టి, ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టి, అక్కడనే టంకశాల నడిపి హొన్నులు, రూపాయలు ముద్రించినారు. ఊరికి సమీపమున మ్యాకదోని శాసనము శాతవాహన పుళుమావి కాలమున ఒక గృహస్థుడు త్రవ్వించిన చెరువును పేర్కొనుచున్నది. రోమను బంగారము దక్షిణమున తిరిగిన కాలమునకే ఇక్కడ ఊళ్ళు, నీళ్ళు, సంపన్నులు ఉన్నారనుట స్పష్టము.

ఇక ఎమ్మిగనూరు. అవ్వ ఏడు కాసులను పసుపు గుడ్డలో తెచ్చి పెట్టినది. "మా అత్తవి నాయనా. పెండ్లిండ్లకు ఏసుకునేది. సీతమ్మా రాముడూ అని చెప్పేది" అన్నది. కుంకుడు రసముతో కడిగి తెచ్చెదనని కోడలు లేచినది. వద్దన్నాను. మడతలలోని పాత మట్టి, మైల కూడ సాక్ష్యమే. తోమిన నాణెము సగము మూగది.

మొదట తూకము, వ్యాసము. తరువాత భూతద్దము. అచ్చు కొట్టిన నాణెములో లోహము అంచుల వైపు ప్రాకిన జాడ యుండును. పోత పోసినదానిలో సన్నని బుడగల గుంటలు, అంచున అతుకు గీత, మెత్తబడిన అక్షరములు కనబడును. రంధ్రమే మంచి పరీక్ష. పూతపూసిన కాసులో రంధ్రపు లోగోడ రాగి రంగు చూపును. ఏండ్ల తరబడి దారము లాగిన రంధ్రపు పైయంచు నునుపై కొంచెము సాగి యుండును. మొన్న తొలిచినదైతే అంచు వాడిగా వ్రేలికి తగులును. ఒక ముఖమునకు రెండవ ముఖము ఏ దిక్కున నున్నదో కూడ వ్రాసికొనవలెను. సాలిడస్‌లో సామాన్యముగా ఒకటి తలక్రిందుగా నుండును. అనుకరణలకు ఆ నియమము లేదు.

ఛాయాచిత్రములకు గుంటమగ్గము పక్కనే చోటు దొరకినది. నేతగాని కంటికి దారము కనబడుటకై గోడలో పెట్టిన చిన్న కిటికీ నుండి వెలుతురు వాలుగా పడుచున్నది. కెమెరాలోని మెరుపుదీపము బంగారమును తెల్లని మచ్చ చేయును. ఈ వాలు వెలుతురు ప్రతి గీతను లేపి చూపినది. నాలుగు అగ్గిపెట్టెల మీద గాజుపలకను నిలిపి, దాని మీద కాసునుంచి, పక్కన కొలబద్ద పెట్టి, కెమెరాను నిట్టనిలువుగా పట్టినాము. నీడ క్రిందికి పోయి కాసు విడిగా తేలినది. నీడవైపు తెల్లకాగితము పట్టుకొన్నది మనుమరాలు.

బైజాంటియపువి కావవి, పుతలీలు. రెండింటి మీద మొచెనీగో అని డోజీ పేరు చదువవచ్చును. ఆల్వీజె మొచెనీగో అను పేర డోజీలు నలుగురున్నారు. తక్కిన ఐదింటిలో అక్షరములు దువ్వెన పండ్లవలె వరుస గీతలు. ముని ముక్కు మన దేవాలయ విగ్రహపు ముక్కు. డోజీ చేతిలోని జెండాకఱ్ఱ విల్లువలె వంగినది. అత్త చెప్పిన రాముడు ఆ ఐదింటిలోనే ఉన్నాడు. వాటిని చేసిన కంసాలి వెనిస్ ఎరుగడు, తన దేవుని ఎరుగును.

ఇంటివారు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఏవి అసలువి? నేను తడవుకొనకుండ, "వెనిస్‌వి రెండే, తక్కినవి ఇక్కడ చేసినవి" అన్నాను. పొరపాటు మాట కాదది. కాని మగ్గము మీది అప్పునకు గడువు దగ్గరపడిన యింట ఆ మాట ఎట్లు వినబడునో నేను ఆలోచింపలేదు. భూమిలో దొరకిన నిధి అయినచో 1878 నాటి చట్టము ప్రకారము కలెక్టరుకు తెలుపవలెనని చెప్పాను. అత్త సొమ్మునకు అది వర్తింపదని కూడ చెప్పాను. చెప్పవలసిన ముఖ్యమైన మాట, ఆ ఐదే అరుదైనవను మాట, ఉత్తరములో వ్రాయుదునని వచ్చేశాను.

నా ఉత్తరము చేరుటకు ముందే ఆ ఐదు కాసులు ఆదోని వెళ్ళినవి. వెనిస్ కాసులు రెండు అవ్వ పెట్టెలో భద్రముగా ఉన్నవి. నా దగ్గర పదునాలుగు ఛాయాచిత్రములున్నవి. వాటిలో విల్లు పట్టిన డోజీ ఉన్నదానిని పెద్దది చేసి పంపుమని అవ్వ అడిగించినది. పంపాను.