సోమశిల లాంచీ ఎక్కేముందు

కార్తీకం దగ్గర పడుతున్నదంటే ఉప్పునుంతల, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ వైపు ఇళ్లలో శ్రీశైలం ముచ్చట మొదలవుతుంది. ఏ సోమవారం పోదాం, ఎంతమందిమి పోదాం, గది దొరుకుతుందా? ఈ మధ్య వీటికి ఇంకో ప్రశ్న తోడైంది: రోడ్డు మీద పోదామా, నీళ్ల మీద పోదామా? వరద తగ్గి, గేట్లు మూసుకుని, శ్రీశైలం జలాశయం నిండుకుండలా నిలిచే ఈ రోజుల్లోనే లాంచీలు కదులుతాయి. పొద్దున్నే నీళ్ల మీది చలిగాలికి శాలువా బిగించి కప్పుకుని, రెండు పక్కలా నల్లమల కొండలు చూసుకుంటూ మల్లన్న దగ్గరికి చేరడం ఎవరికి మాత్రం ఇష్టముండదు?

మన వైపు నుంచి పోయేవాళ్లకు రెండు దారులున్నాయి. డిండి, దేవరకొండ మీదుగా నాగార్జునసాగర్ పోయి అక్కడ లాంచీ ఎక్కితే దాదాపు 110 కిలోమీటర్లు ఎగువకు ప్రయాణించి, శ్రీశైలం డ్యాం కింద లింగాలగట్టు దగ్గర దిగుతారు. నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిల పోయి ఎక్కితే ప్రవాహం వెంట దిగువకు వచ్చి, డ్యాంకు పైన పాతాళగంగ వైపు దిగుతారు. రెండూ కృష్ణమ్మే. నడుమ గోడ ఉంది కాబట్టి నీళ్లు మాత్రం వేరు. సాగర్ దారిలో నాగార్జునకొండ ఉంది, మునిగిపోయిన ఏలేశ్వరం ఉంది. ఉప్పునుంతల పక్కగా పారే మన దుందుభి వాగు డిండి ప్రాజెక్టు దాటి పోయి కృష్ణలో కలిసేది కూడా ఆ నీళ్లలోనే. అయినా ఎవరైనా నన్నడిగితే సోమశిలే ఎక్కమంటాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపూర్, ఉత్తరాన మన ఉమామహేశ్వరం. అచ్చంపేట దాటి రంగాపూర్ గుట్ట ఎక్కి, ఉమామహేశ్వరుడికి మొక్కి, చెంచుల పెంటల గుండా నడిచిపోవడమే మన తాతముత్తాతల యాత్ర. ఆ దారి ఎన్ని వందల ఏళ్లదో అడవికే తెలియాలి. ఇక్ష్వాకులు నాగార్జునకొండ దగ్గరి విజయపురిలో స్తూపాలు కట్టించారు. బాదామి చాళుక్యులు అలంపూర్‌లో నవబ్రహ్మలను నిలిపారు. పన్నెండో శతాబ్దంలో కన్నడదేశం నుంచి అక్కమహాదేవి ఈ కొండల్లోకి వచ్చింది. పద్నాలుగో శతాబ్దం చివర విజయనగరపు రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించింది. 1677లో ఛత్రపతి శివాజీ వచ్చి మల్లన్నను దర్శించుకున్నాడు. రాజులు, యోగులు, భక్తులు ఎవరొచ్చినా కృష్ణను చూసింది ఒడ్డు నుంచే. నది దాటడానికే తప్ప నది వెంట ప్రయాణం చెయ్యడం అప్పట్లో ఎవరికీ పట్టలేదు. రాళ్లూ సుడులూ లోతైన లోయలూ ఉన్న ఈ భాగంలో అది సాగేదీ కాదు.

దాటడానికి పుట్టి ఉండేది, ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పూర్వం తోలు తొడిగేవారు, తర్వాత తారు పూసిన పట్టాలు వేశారు. ముందూ వెనకా లేని పడవ అది. ఒకడు తెడ్డుతో నీళ్లను తన వైపు లాక్కుంటుంటే మెల్లగా తిరుగుతూ ముందుకు పోతుంది. గుండ్రంగా ఉండడం వల్ల రాయికి తగిలినా పక్కకు జారిపోతుందే కాని ఇరుక్కోదు. పొద్దుగూకేలోపు మనుషులు, మేకలు, వేరుశనగ బస్తాలు అన్నీ అందులోనే అవతలి ఒడ్డు చేరేవి.

ఇక్కడ ఇట్లా పుట్టిలో నది దాటుతున్న కాలంలోనే ప్రపంచంలో ఇంకోచోట చల్లటి నీళ్ల మీద విహారం వ్యాపారమైంది. 1880లలో అలాస్కా హిమనదాలను చూపించడానికి పర్యాటకులను ఆవిరి ఓడల్లో తీసుకుపోయేవారు. నార్వే తీరం వెంట ఊరూరా ఆగుతూ ఉత్తరాలనూ మనుషులనూ మోసే ఓడల వరుస 1893లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఈ రోజు మన జిల్లా పిల్లలు సియాటెల్‌లో ఉద్యోగాలు చేస్తూ అమ్మానాన్నలను అలాస్కా ఓడ ఎక్కిస్తున్నారు. వాళ్లు తిరిగొచ్చి మంచుకొండల ఫొటోలు చూపిస్తే ముచ్చటేస్తుంది. అక్కడి లోయలను లక్షల ఏళ్లపాటు మంచు తొలిచింది. మన సోమశిల దగ్గరి సరస్సును మాత్రం మనుషులు కట్టారు, ఆ కట్టడం ఇంకా బతికున్న మనుషులకు గుర్తుంది.

1963 జులైలో జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. నల్లమల లోయకు అడ్డంగా గోడ లేచింది. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ గీత కిందికి వచ్చినవన్నీ ముంపే. కృష్ణా తుంగభద్రల రెండు ఒడ్లలో, ఇటు కొల్లాపూర్, అలంపూర్ తాలూకాల్లో, అటు కర్నూలు జిల్లాలో, వందకు పైగా ఊళ్లు, పాతిక వేలకు పైగా కుటుంబాలు. నల్లరేగడి పొలాలు, చింతతోపులు, పీర్ల చావిళ్లు, బొడ్రాళ్లు, అన్నీ. 1981లో ఇళ్లు కూల్చి జనాన్ని లేపిన తీరును ఆ తరంవాళ్లు ఈనాటికీ కళ్లకు కట్టినట్టు చెబుతారు.

మనుషుల కంటే ముందే అక్కడి దేవుళ్లు లేచారు. నాకు ఎంత చదివినా తనివి తీరని కథ ఇది.

నది ఒడ్డున ఉన్న గుళ్లలో కొన్ని పన్నెండు వందల ఏళ్లు దాటినవి. కూడవెల్లి దగ్గర కృష్ణా తుంగభద్రలు కలిసేచోట చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయం ఉండేది. సోమశిలలో లలితా సోమేశ్వరుడూ, ఆయన చుట్టూ చిన్న చిన్న గుళ్లూ. జటప్రోలులో మదనగోపాలుడు. మంచాలకట్టలో జటప్రోలు సంస్థానాధీశులు కట్టించిన మాధవస్వామి. వీటిని నీళ్లకు వదిలెయ్యడానికి రాష్ట్ర పురావస్తు శాఖకు మనసొప్పలేదు. అప్పటికే సాగర్ కడుతున్నప్పుడు నాగార్జునకొండ తవ్వకాలు 1954 నుంచి 1960 దాకా జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదా అనుపులోనూ తిరిగి నిలిపిన అనుభవం ఈ నేలకు ఉంది. 1960లలో ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ ఆలయాన్ని కోసి పైకెత్తారు. దానికి ప్రపంచమంతా చందాలిచ్చింది. మన గుళ్లకు అంత పేరు రాలేదు, పని మాత్రం అంత కష్టమైనదే.

ఎట్లా చేశారంటే, ముందు గుడి నలువైపులా కొలతలు, పటాలు, ఫొటోలు. తర్వాత ప్రతి రాయికీ ఒక అంకె. ఏ వరుస, ఏ గోడ, ఎన్నో రాయి అన్నది ఆ అంకెలోనే ఉంటుంది. విప్పడం పైనుంచి, కట్టడం కిందినుంచి. శిఖరం మీది రాయి అన్నిటికన్నా ముందు దిగుతుంది, అన్నిటికన్నా చివర ఎక్కుతుంది. పీఠం కింది రాయి చివరికి లేచి, కొత్తచోట మొదట కూర్చుంటుంది. పాత శిల్పులు సున్నం లేకుండా రాయికి రాయి ఒరిపించి కట్టారు కాబట్టే ఇది సాధ్యమైంది. ఇటుకా సున్నంతో కట్టిన శిఖరాలు అట్లా కదలవు, వాటిని మళ్లీ కొత్తగా కట్టుకోవాల్సిందే. ఒక్క అంకె చెరిగినా, ఒక్క రాయి లారీలో పగిలినా గోడ కుదరదు. అట్లాంటిది వేల రాళ్లు గుట్టల మీదికి వచ్చి, మళ్లీ గుడిగా నిలబడ్డాయి.

కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపూర్ చేరాడు. సోమశిల గుళ్లు గట్టెక్కి కొత్త సోమశిలకు వచ్చాయి. మంచాలకట్ట మాధవస్వామి కొల్లాపూర్‌లో కొలువయ్యాడు. ఆ గుడి గోడల మీద విష్ణుమూర్తి రూపాలు వరుసగా చెక్కి ఉంటాయి. శంఖం, చక్రం, గద, పద్మం చేతులు మారే కొద్దీ ఆయన పేరు మారుతుంది. కేశవుడు, నారాయణుడు, మాధవుడు అంటూ చిన్నపిల్లలతో చదివించుకుంటూ గుడి చుట్టూ తిరగొచ్చు. కొల్లాపూర్ బస్టాండులో దిగి తిన్నగా సోమశిల ఆటో ఎక్కేవాళ్లకు ఇది దక్కకుండా పోతోంది. దయచేసి ఒక గంట ఆగండి.

అవతలి ఒడ్డున ఇంకో సంగమేశ్వరుడున్నాడు. ఏడు నదులు కలిసేచోటని సప్తనదీ సంగమం అంటారు. అక్కడి లింగం రాతిది కాదు, వేపమానుది. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఆయన ఉన్నచోటే ఉండిపోయాడు, నీళ్లు పైకి వచ్చాయి. ఇరవై ఏళ్లకు పైగా కనపడకుండా ఉండి 2003లో బయటపడ్డాడు. ఇప్పుడు వానాకాలంలో మునిగి, వేసవిలో తేలుతాడు. నీళ్లు శిఖరం దాకా వచ్చినప్పుడు పూజారి పడవలో పోయి శిఖరానికే పూజ చేసి వస్తారు. కార్తీకంలో మీ లాంచీ సోమశిల వదిలే వేళకు ఆ గుడి నీళ్ల అడుగునే ఉంటుంది.

1981 దాకా ఈ కథ ఒక వరుసలో చెప్పుకొచ్చాను. తర్వాతది వరుసలో కుదరడం లేదు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అంటూ 1986లో జీవో 98 వచ్చింది. కొల్లాపూర్ ప్రాంతంలో ఆ నంబరు తెలియని ఇల్లుండదు, ఎందరో ఆ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే ముసలివాళ్లయ్యారు. రోడ్డు చుట్టూ తిరిగిపోవాలంటే వందల కిలోమీటర్లు కాబట్టి రెండు ఒడ్ల చుట్టాలు నాటుపడవల మీదే రాకపోకలు సాగించారు. 2007 జనవరి 18న, సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర రోజుల్లో, మంచాలకట్ట దగ్గర అట్లాంటి పడవ మునిగి 61 మంది పోయారు. 2009 అక్టోబరు వరదకు జలాశయం 896 అడుగులు దాటి కర్నూలునూ అలంపూర్‌నూ ముంచింది. ఎల్లూరు దగ్గరి నుంచి కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు మన వైపు చేలకు వచ్చాయి. మునిగిన ఊళ్ల నీళ్లే ఇవి. విశాఖ వైపు నుంచి వచ్చిన జాలర్లు ఒడ్డున గుడిసెలు వేసుకుని చేపలు ఎండబెట్టుకుంటున్నారు. 2022లో సోమశిల, సిద్ధేశ్వరం నడుమ తీగల వంతెనకు కేంద్రం ఆమోదం తెలిపింది. అదొస్తే ఈ రేవు ఏమవుతుందో, ఈ లాంచీ ఏమవుతుందో.

ఇక ప్రయాణం సంగతి. తొందరపడి వర్షాకాలంలో పెట్టుకోవద్దు. ఎగువ నుంచి వరద వస్తున్నప్పుడు, గేట్లు ఎత్తినప్పుడు లాంచీలు తిప్పరు, తిప్పకూడదు కూడా. సంక్రాంతి దాటితే నీటిమట్టం దిగడం మొదలై, ఎండలు ముదిరేసరికి దారి మూసుకుపోతుంది. కార్తీకం నుంచి పుష్యం దాకానే అసలు కాలం. సరిపడా మంది లేకపోతే పర్యాటక శాఖ లాంచీ బయల్దేరదు కాబట్టి పోయే ముందురోజు ఫోన్ చేసి అడగండి. మామూలు రోజుకన్నా శని, ఆదివారాలు నమ్మకం.

సొంత కారు తీసుకుపోతే అది సోమశిల ఒడ్డున, మీరు శ్రీశైలంలో ఉంటారు. కాబట్టి బస్సులే మేలు. ఉప్పునుంతల నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ ముందురోజే చేరి, సాయంత్రం మాధవస్వామిని చూసుకుని, రాత్రి అక్కడే ఉండండి. కొల్లాపూర్ నుంచి సోమశిల పది కిలోమీటర్ల లోపే. పొద్దున లలితా సోమేశ్వరుడి దర్శనం చేసుకుని లాంచీ ఎక్కొచ్చు. లైఫ్ జాకెట్ ఇచ్చింది పక్కన పెట్టుకోవడానికి కాదు, తొడుక్కోవడానికి. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పాపికొండల లాంచీ మునిగిన సంగతి ఎవరూ మర్చిపోకూడదు. పిల్లలకు వాళ్ల కొలతది అడిగి తీసుకోండి. జొన్నరొట్టెలు, పల్లీల పొడి సద్ది కట్టుకుపోతే ఇంకా మంచిది.

లాంచీ అమరగిరి ఊరు దాటాక కొండలు దగ్గరికి వస్తాయి. ఎర్రటి రాతి గోడలు నిటారుగా నీళ్లలోకి దిగుతాయి. అటూ ఇటూ పులుల అడవి. ఇటువైపు అమ్రాబాద్ అభయారణ్యమే 2,611 చదరపు కిలోమీటర్లు. శ్రీశైలానికి కొంచెం ముందు అక్కమహాదేవి గుహలు వస్తాయి. ముందు సహజంగా ఏర్పడ్డ పెద్ద రాతి తోరణం, లోపల ఒంగి పోతే సన్నటి దారి, చివర శివలింగం. అక్కడ ఆగే ఏర్పాటు ఉందో లేదో టికెట్ కొనేటప్పుడే అడగండి.

దిగేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ రోజే ఇంటికి తిరిగి రావాలని చూడొద్దు. రాత్రి తొమ్మిది దాటితే మన్ననూరు చెక్‌పోస్టు మూస్తారు, మళ్లీ పొద్దున ఆరుకే తీసేది. శ్రీశైలంలో గది ముందే చూసుకుని, దర్శనం చేసుకుని, మర్నాడు దోమలపెంట, వటవర్లపల్లి, మన్ననూరు మీదుగా అచ్చంపేటకు వస్తే అడవి కూడా వెలుతుర్లో కనిపిస్తుంది.

ఒక్క మాట మాత్రం మీ ప్రయాణంలో చేర్చుకోమని బతిమాలుతున్నాను. కొల్లాపూర్ చుట్టుపక్కల కాలనీల్లోనో, మీ చుట్టాల్లోనో ముంపు ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకరు ఉంటారు. ఆయనకూ ఒక టికెట్ కొని, లాంచీలో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఫలానా గుట్ట ఎదురుగా వచ్చినప్పుడు, దాని కింద ఏ ఊరుందో, బావి ఎక్కడో, బడి ఎక్కడో ఆయన చెబుతారు. పిల్లలను రాసుకోమనండి.