శిఖం భూమి (ఉప్పల్, నాచారం)
చెరువు గర్భంలోని నేలకు తెలంగాణ రెవెన్యూ వాడుకలో శిఖం అని పేరు. నిండితే చెరువు, ఎండితే పశువుల మేత బీడు. హైదరాబాదు తూర్పున ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు ఈ కోవలోవే. శిఖం అంతా సర్కారుదే అనుకోవడం పొరపాటు: పట్టా ఉన్న శిఖమూ ఉంది. నీరు తగ్గాక దున్నుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టకూడదు. నేల తనదైనా హక్కులన్నీ తనవి కావు; ఇంగ్లండు ఉమ్మడి బీళ్లూ ఇంతే. యజమాని ఒకరు, మేపుకునే హక్కు ఊరిలో కొందరిది. నమోదైన అలాంటి బీళ్లలో కాలినడకన తిరిగే హక్కును 2000 నాటి చట్టం అక్కడ అందరికీ ఇచ్చింది. మన చట్టం చూపు కట్టడాల మీదే: 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు చుట్టూ 30 మీటర్ల మేర కట్టడాలు కూడని బఫర్. కొలత పూర్తిస్థాయి నీటిమట్టం అంచు నుంచి. వేసవిలో చూసొచ్చినవారికి ఆ అంచు కనబడదు. చెరువుల వంటి ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.